మాట మరిచినా తాళం వదలకండి

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక ముప్పావుగంట ఖాళీ చేసుకోండి. వాట్సాప్ చప్పుళ్లు ఆపేయండి. పెద్దలైటు తీసేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాడిన ‘మ్యాక్ ద నైఫ్: ఎల్లా ఇన్ బెర్లిన్’ ఆల్బం మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినండి. జాజ్ మనకి అలవాటు లేదే, ఇంగ్లీషు మాటలు అంత వేగంగా పాడితే అందవే అని వెనకాడకండి. మొదటిసారి విన్నప్పుడు నాకు సగం మాటలు అందలేదు. అందాల్సింది మాత్రం అందింది. పదేళ్లుగా వింటున్నాను. ధైర్యం గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఈ ఆల్బంలో ఐదు నిమిషాలు కూడా లేని ఒక్క పాట ఒక ఎత్తు.

ఇది స్టూడియోలో పదిసార్లు పాడి, బాగున్న ముక్కలు ఏరి అతికించిన రికార్డు కాదు. 1960 ఫిబ్రవరి 13న బెర్లిన్‌లో, డాయిచ్‌లాండ్‌హాలే అనే పెద్ద మందిరంలో, సుమారు 12,000 మంది ముందు పాడింది పాడినట్టు పట్టిన రికార్డు. అప్పటికి ఎల్లాకి 42 ఏళ్లు. వేదికెక్కి పాతికేళ్లు దాటింది. వెనక నలుగురే ఉన్నారు. పియానో మీద పాల్ స్మిత్, గిటార్ జిమ్ హాల్, బేస్ విల్‌ఫ్రెడ్ మిడిల్‌బ్రూక్స్, డ్రమ్స్ గస్ జాన్సన్.

పాటలు చాలావరకు పాతవే. స్టాండర్డ్స్ అంటారు వీటిని. చాలావాటిని 1920ల నుంచి 50ల దాకా అమెరికాలో నాటకాల కోసం, సినిమాల కోసం రాశారు. ఆ నాటకాల్లో చాలావాటిని జనం మరిచిపోయారు, పాటలు మిగిలాయి. ప్రతి గాయకుడూ వాటిని తన గొంతులో మళ్లీ పుట్టిస్తాడు. ఒకే త్యాగరాజ కీర్తనని వంద గొంతుల్లో వంద రకాలుగా వింటాం కదా, అలాగే. కాకపోతే జాజ్‌లో పాడేవారికి చనువు ఇంకాస్త ఎక్కువ. వరసని విరవొచ్చు, మాటల్ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు, అసలు మాటలే వదిలేసి ఉత్త అక్షరాలతో మన కల్పనస్వరాల్లాగా అల్లుకుంటూ పోవచ్చు. దాన్ని స్కాట్ అంటారు. ఎంత దూరం తిరిగొచ్చినా తాళం మాత్రం తప్పకూడదు.

ఎల్పీ రికార్డుగా వచ్చినప్పుడు ఇందులో తొమ్మిది పాటలు ఉండేవి. ఎనిమిదోది ‘మ్యాక్ ద నైఫ్’. ఈ పాట ఆమెకి కొత్త. అంతకుముందు ఏడాదే బాబీ డారిన్ పాడితే అమెరికా అంతా మోగిపోయింది. పాడబోయే ముందు ఎల్లా జనంతో చెప్పేస్తుంది. ఈ పాటని ఆడగొంతులో ఎవరూ పాడగా వినలేదు, మేం ప్రయత్నిస్తాం, మాటలన్నీ గుర్తుంటాయని ఆశ అని. మొదటి చరణాలు హాయిగా సాగిపోతాయి. తర్వాత మాట జారిపోతుంది.

ఇక్కడ ఆపి, కాస్త వెనక్కి జరిపి, మళ్లీ వినండి. మాట పోయిన చోట ఒక్క క్షణం కూడా ఖాళీ ఉండదు. తర్వాతి చరణం నాకు గుర్తు రావడం లేదు అన్న సంగతిని ఆమె ఆ చరణం వరసలోనే పాడేస్తుంది. ఈ పాటని బాబీ డారిన్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేశారనీ, ఇప్పుడు ఎల్లా తన జట్టుతో కలిసి దాన్ని ధ్వంసం చేస్తోందనీ ప్రాసతో సహా అల్లేస్తుంది. అక్కడితో ఆగకుండా ఆర్మ్‌స్ట్రాంగ్ బొంగురుగొంతు తెచ్చుకుని ఆయనలాగే పాడుతుంది. జనం కేరింతలు వినిపిస్తాయి. పాట అయిపోయేసరికి ఆ మందిరం మొత్తం ఆమెది.

ఈ కచేరీ వెనకున్న నిర్మాత నార్మన్ గ్రాంజ్. మాటలు మరిచిన పాటని ఆయన పక్కన పెట్టేయొచ్చు. పెట్టలేదు సరికదా, ఆల్బంకి ఆ పాట పేరే పెట్టి బయటికి తెచ్చాడు. ఆ ఏటి గ్రామీల్లో ఈ పాటకి ఒకటి, ఆల్బంకి ఒకటి, ఎల్లాకి రెండు అవార్డులొచ్చాయి.

ఇంకో సంగతి తెలిస్తే ఆమె ధైర్యం విలువ తెలుస్తుంది. ‘మ్యాక్ ద నైఫ్’ పుట్టిందే బెర్లిన్‌లో. బెర్టోల్ట్ బ్రెహ్ట్ రాయగా కుర్ట్ వైల్ సంగీతం కూర్చిన ‘త్రీపెన్నీ ఒపెరా’ 1928 ఆగస్టు 31న ఆ ఊళ్లోనే మొదటిసారి ఆడింది. ఐదేళ్లు తిరక్కుండానే నాజీలు గద్దెనెక్కారు. యూదుడైన వైల్ దేశం విడిచి పోవాల్సి వచ్చింది. ఆయన సంగీతాన్ని నిషేధించారు. జాజ్‌ని నల్లవాళ్ల సంగీతమని, భ్రష్టసంగీతమని తిట్టిపోశారు. డాయిచ్‌లాండ్‌హాలేని 1935లో ప్రారంభించింది హిట్లరే. యుద్ధంలో బాంబులకి కాలి, మళ్లీ కట్టిన ఆ మందిరంలో ఒక నల్లజాతి స్త్రీ నిలబడి వైల్ పాటని బెర్లిన్ జనానికి వినిపిస్తోంది. ఆ ఊరి పాటని ఆ ఊళ్లోనే మరిచిపోయింది. తిరుపతి వేదిక మీద అన్నమయ్య పదం మధ్యలో మాట పోవడం ఎలా ఉంటుందో ఊహించండి. నిలబడటమే కష్టం. ఆమె నిలబడింది, నవ్వించింది.

నా సంగతి చెప్తాను. కొన్నేళ్ల క్రితం ఒక స్నేహితుడి షష్టిపూర్తికి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. వారం రోజులు కూర్చుని రాసుకున్నాను. బట్టీపట్టాను. మూడో నిమిషంలో, మేమిద్దరం ఒకే గదిలో ఉండి చదువుకున్న రోజుల గురించి చెప్తుండగా, తర్వాతి వాక్యం పోయింది. ‘క్షమించాలి’ అన్నాను. జేబులో కాగితం వెతికాను. అది కళ్లద్దాల పెట్టె కింద నలిగి ఉంది. మళ్లీ ‘క్షమించాలి’ అన్నాను. కాగితం విప్పి తలెత్తేసరికి ముందువరసలో ఒక పెద్దాయన పక్కాయనతో మాటల్లో పడ్డారు, వెనక ప్లేట్ల చప్పుడు మొదలైంది. నా స్నేహితుడు ఒక్కడే నావైపు చూస్తున్నాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

పోయింది ఒక్క వాక్యం. నేను మాత్రం మూడు వదిలేశాను. మాట, దాని నడక, ఎదుటివాళ్ల ముఖం. మాట పోయాక మిగిలిన రెండూ నా చేతిలోనే ఉన్నాయి. ‘ఏమిటో, ఆ గది గుర్తొస్తే మాట రావడం లేదు’ అని అదే నడకలో, వాడి ముఖంలోకి చూస్తూ అని ఉంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. దాన్ని నిజమైన మాటగానే తీసుకునేవారు. బహుశా నేను రాసుకెళ్లిన వాక్యాలన్నిటికంటే అదే బాగుండేది.

ఈ తేడానే మీరు పట్టుకోవాలని నా కోరిక. మాట మరిచిపోవడం తప్పు కాదు, ఎవరికైనా జరుగుతుంది. ఆగిపోవడం దగ్గరే మనం నష్టపోతాం. ఇంటర్వ్యూలో జవాబు తోచనప్పుడు, మీటింగులో లెక్క గుర్తురానప్పుడు, పెళ్లిచూపుల్లో అడిగిందానికి ఏం చెప్పాలో తెలీనప్పుడు, మనం చేసే మొదటి పని బిగుసుకుపోవడం. రెండోది, వెనక్కి వెళ్లి మొదటినుంచి ఎత్తుకోవడం. మూడోది, పదేపదే క్షమాపణ చెప్పడం. ఎల్లా ఈ మూడూ చేయలేదు. జరిగిందేమిటో ఒక్కసారి నిజాయితీగా చెప్పింది, అదీ తాళంలో చెప్పింది, ముందుకు వెళ్లింది.

అది తేలికైన పాట కూడా కాదు. దీనికి మన పాటల్లోలాగా తిరిగొచ్చే పల్లవి లేదు. ఒకే చిన్న వరస, పదహారు బార్లు (మన తాళం ఆవర్తాల్లాంటివి), మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ కొత్త మాటలు, కొత్త పేర్లు, కొత్త హత్యలు. పల్లవి ఉంటే దారి తప్పినవాడు అక్కడికొచ్చి ఊపిరి తీసుకోవచ్చు. ఇందులో ఆ అరుగు లేదు. దానికితోడు చరణాలు మారేకొద్దీ శ్రుతి మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. మన కచేరీలో శ్రుతి ఒకచోట కుదురుగా ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది మనకి వెంటనే తట్టదు. మాటలు అప్పటికప్పుడు కట్టాలి, ప్రాస కుదరాలి, పెరిగే శ్రుతిలో గొంతు నిలవాలి, లయ జారకూడదు. ఇన్నీ ఒకేసారి.

ఎలా చేయగలిగింది? పుట్టుకతో వచ్చిన వరం అని చేతులు కడిగేసుకోకండి. ఆమె చిన్నప్పుడు గాయని కావాలనుకోలేదు. డాన్సర్ కావాలనుకుంది. 1934 నవంబరు 21న న్యూయార్క్ హార్లెంలోని అపోలో థియేటర్లో కొత్తవాళ్ల పోటీకి పదిహేడేళ్ల ఎల్లా డాన్సు చేద్దామనే వెళ్లింది. తల్లి చనిపోయి రెండేళ్లు. సరైన బట్టల్లేవు, నిలకడగా ఇల్లు లేదు. ఆమెకంటే ముందు ఎడ్వర్డ్స్ సిస్టర్స్ అనే అక్కచెల్లెళ్లు అదరగొట్టి వెళ్లారు. వాళ్ల తర్వాత ఆడటానికి ఆ పిల్లకి కాళ్లు రాలేదు. వేదికెక్కాక అప్పటికప్పుడు పాటకి మారింది. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది.

తర్వాతి ఏడాది చిక్ వెబ్ ఆమెని తన బృందంలో చేర్చుకున్నాడు. చిక్ వెబ్ ఎవరు? డ్రమ్మరు. చిన్నతనంలోనే వెన్నెముక దెబ్బతిని, పొట్టిగా, గూనితో ఉండేవాడు. డ్రమ్ముల ముందు కూర్చుంటే మాత్రం ఆ కాలంలో ఆయనకి ఎదురు లేదు. ఆయన బృందం హార్లెంలో సవాయ్ బాల్‌రూంలో డాన్సుల కోసం వాయించేది. అక్కడ జనం కూర్చుని వినరు, వందల జంటలు నేలమీద ఆడుతుంటాయి. వాయిద్యం ఆగితే అన్ని కాళ్లూ ఆగిపోతాయి. గాయని మాట తడబడితే ఎవరూ పట్టించుకోరు, తాళం తడబడితే మొత్తం నేలంతా తడబడుతుంది. ఎల్లా పెరిగింది ఆ బడిలో. 1939లో వెబ్ చనిపోతే ఆ బృందాన్ని ఆమె పేరుతోనే నడిపారు. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్లు. బెర్లిన్‌లో ఆమెని నిలబెట్టింది ఆ డాన్సు నేల అని నా నమ్మకం.

చివరి పాట ‘హౌ హై ద మూన్’ కూడా వదలకుండా వినండి. దాదాపు ఏడు నిమిషాలు. మాటలు త్వరగా అయిపోతాయి, ఆ తర్వాతదంతా స్కాట్. గుర్రం పగ్గాలు వదిలేసినట్టు ఉంటుంది. మధ్యలో వేరే పాటల ముక్కలు గుర్తుకొచ్చినట్టు వచ్చి పోతుంటాయి. ఒకచోట ‘స్మోక్ గెట్స్ ఇన్ యువర్ ఐస్’ అనే ప్రసిద్ధ పాటని అందుకుని, పొగ అన్నచోట చెమట అని మార్చేస్తుంది. అప్పటికి వేదిక దీపాల కింద నిజంగానే చెమటలు కక్కుతూ ఉండాలి. కంటికి అడ్డం పడుతున్న చెమటని కూడా పాటలోకి తోసేసింది.

విన్నవాళ్లెవరైనా ఇదంతా ఆ క్షణంలో పుట్టిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత 1947లో ఆమె ఇదే పాటని డెక్కా కంపెనీకి పాడిన రికార్డు విన్నాను. బెర్లిన్‌లో నన్ను ఉర్రూతలూగించిన మలుపుల్లో కొన్ని ఎన్నో ఏళ్ల ముందే అక్కడున్నాయి. మొదట కాస్త నిరాశ కలిగింది. తర్వాత అర్థమైంది, అసలు ఊరట అదే. అప్పటికప్పుడు పుట్టినట్టు కనిపించేది ఏళ్ల తరబడి మూటకట్టుకున్నది. అవధాని నిషిద్ధాక్షరికి తడుముకోకుండా పాదం చెప్తున్నాడంటే వేల పద్యాలు నోటికొచ్చి ఉన్నాయని. మూట ఉన్నవాడికి దారిలో చీకటిపడినా భయం లేదు.

కాబట్టి మూట కట్టుకోండి. ఎలాగంటే, మీరు తరచూ చెప్పాల్సినదాన్ని ఒకటి ఎంచుకోండి. రెండు నిమిషాల స్వపరిచయం కావొచ్చు, మీ సరుకు గురించి కొనేవాళ్లకి చెప్పేది కావొచ్చు, పిల్లలకి చెప్పే పాఠం కావొచ్చు. దాన్ని బట్టీపట్టకండి. పన్నెండో ఎక్కం చెప్తున్న పిల్లాణ్ని పన్నెండేడ్ల దగ్గర ఆపి చూడండి, మళ్లీ పన్నెండొకట్ల నుంచి ఎత్తుకుంటాడు. వాడి దగ్గర ఎక్కం ఉంది కానీ లెక్క లేదు. నా షష్టిపూర్తి ఉపన్యాసం అలాంటిదే. మీరు రోజూ మధ్యలోంచి మొదలుపెట్టండి. ఒకరోజు మూడో విషయం నుంచి, ఒకరోజు చివరి విషయం నుంచి వెనక్కి. డాబా మీద నడుస్తూ చెప్పండి, కాళ్లు ఆగకూడదు. మాట రాకపోతే అడుగు వేస్తూనే, రాలేదన్న సంగతే పైకి అనండి, ఇంకో వైపు నుంచి అందుకోండి. ఇంట్లోవాళ్లని మధ్యలో పిలవమనండి, తలుపు కొట్టమనండి. నెల రోజులు చేస్తే మీ ఒంటికి ఒక సంగతి తెలుస్తుంది. వాక్యం పోయినంత మాత్రాన మనం పోము.

పాట వినేటప్పుడు కూడా చెవికి ఇలాగే పని పెట్టండి. మొదటిసారి ఎల్లాని వినండి. రెండోసారి ఆమెని వదిలేసి ఆ నలుగురిలో ఒకర్ని పట్టుకోండి. నన్నడిగితే గస్ జాన్సన్‌ని పట్టుకోమంటాను. ఆమె మాట మరిచిన చోట అతను ఏం చేశాడో వినండి. ఏమీ చేయలేదు. అదే అతని గొప్పతనం. వేగం పెంచలేదు, తగ్గించలేదు, ఆగి ఆమె ముఖంలోకి చూసినట్టు లేదు. వాయిస్తూ పోయాడు. మిడిల్‌బ్రూక్స్ బేస్ అడుగులు అడుగుల్లాగే పడ్డాయి. పాల్ స్మిత్ తర్వాతి మెట్టు శ్రుతికి వేళకి చేరుకున్నాడు. పాట ఇంకా బతికే ఉందని నలుగురూ చేతులతో చెప్పారు. కిందకి చూస్తే నేల ఉంది కాబట్టే ఆమె గాల్లోకి ఎగరగలిగింది.

మన వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో ఈ నలుగురి ఊసు తక్కువ. ఎప్పుడూ మైకు ముందున్నవాడి గురించే మాట్లాడతాం. నిజానికి జీవితంలో ఎక్కువసార్లు మనం ఉండేది వెనక, డ్రమ్ముల దగ్గర. పక్కసీటు అమ్మాయి మేనేజరు ముందు అంకె తప్పు చెప్పి తెల్లబోయినప్పుడు మీరేం చేశారు? నవ్వారా, అందరిముందూ దిద్దారా, తల దించుకుని ఫోన్ చూసుకున్నారా? ‘ఆ అంకె నేను చూసి చెప్తాను, మీరు తర్వాతది కానివ్వండి’ అని మామూలు గొంతుతో అన్నారా? ఆ మామూలు గొంతే తాళం. పిల్లవాడు స్కూలు వేదిక మీద పద్యం మరిచిపోతే తల్లి ముఖంలోకే చూస్తాడు. అక్కడ కంగారు కనిపిస్తే ఏడుస్తాడు. అక్కడ ‘ఊఁ, తర్వాత?’ అన్నట్టుంటే ఎక్కడో ఒకచోట అందుకుంటాడు. షష్టిపూర్తి రోజున నావైపే చూస్తున్న స్నేహితుడి చూపు నాకు అలాంటి తాళమే. ఆ రోజు నేనే దాన్ని అందుకోలేదు.

ఈ మధ్య మా మేనకోడలికి పీహెచ్‌డీ వైవా దగ్గరపడింది. తెలిసిన విషయమే, తను చేసిన పనే, అయినా ఎవరైనా ఎదురుప్రశ్న వేస్తే అంతా చెరిగిపోతుందని భయం. సలహాలేమీ చెప్పలేదు. వంటింటి పక్కన భోజనాల బల్ల మీద ఫోన్ పెట్టి ఎనిమిదో పాట వినిపించాను. మాట పోయిన చోట నావైపు చూసింది. పాట అయ్యాక కాసేపు మాట్లాడలేదు.

“మామయ్యా, ఆ డ్రమ్ము వాయించేవాళ్లకి కంగారు పుట్టలేదా?”

“నీకేమనిపించింది?”

“మళ్లీ పెట్టు.”

మళ్లీ పెట్టాను. ఈసారి కళ్లు మూసుకుని రెండు వేళ్లతో బల్ల మీద తాళం వేస్తూ వింది. పాట అయిపోయింది, వేళ్లు ఆగలేదు. ఆ తాళం మీదే తన థీసిస్ నాలుగో అధ్యాయం మధ్యలోంచి ఎత్తుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఒకచోట తడబడింది. “ఇక్కడ నాకు ఎప్పుడూ తికమకే, అయినా చెప్తాను వినండి,” అని ఇంకో వైపు నుంచి వచ్చింది. వంటింట్లో కుక్కర్ గట్టిగా కూసింది. తను ఆపలేదు.